పట్టా పొలంలోని పొదలకూ కౌలు కట్టండి

తెలంగాణ రాష్ట్ర జీవవైవిధ్య మండలి అధికారులకు,

బొంతపల్లి రైతుగా రాస్తున్నాను. మా వైపు కుంటల పక్కన, అడవి అంచున ఉన్న చెల్కల్లో నెమళ్లు, కుందేళ్లు, కౌజులు ఇంకా తిరుగుతున్నాయి. చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చాక వాటికి మిగిలింది మా రేగు పొదలే. ఆ పొదలను కొట్టకుండా ఉంచినందుకు రైతుకు పైసా రాదు. రైతు భరోసా పథకం ఎకరాకు ఏటా 12 వేలు ఇచ్చేది సాగుకు యోగ్యమైన భూమికే. తుప్ప పెరిగితే జాబితాలోంచి పేరు పోతుందేమోనని కొందరు చదును చేయిస్తున్నారు, కొందరు ప్లాట్లకు అమ్ముతున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. పిల్లల చదువులకు, పెళ్లిళ్లకు పైసలు కావాలి.

2016లో అమీన్‌పూర్ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. మా పట్టా పొలాల మాటేమిటి? అలాంటి ప్రకటనతో నష్టపోయేవారికి పరిహార పథకం రాష్ట్రమే రూపొందించాలని 2002 జీవవైవిధ్య చట్టం 37వ సెక్షన్ చెబుతోంది. అమెరికాలో 1985 నాటి ఒక చట్టం కింద రైతు పది, పదిహేనేళ్ల ఒప్పందంతో పొలాన్ని గడ్డికి, చెట్లకు వదిలితే ప్రభుత్వం ఏటా కౌలు కడుతోంది. భూమి రైతు పేరు మీదే ఉంటుంది.

మా గుమ్మడిదల మండలంలోనూ ఇష్టపడి ముందుకొచ్చే రైతులతో, పొదలను ఉంచేందుకు పదేళ్ల ఒప్పందం చేసుకునే పథకాన్ని ప్రభుత్వానికి ప్రతిపాదించండి. రైతు భరోసా సాయం కంటే ఆ కౌలు తక్కువ ఉండకూడదు. ముందుగా ఆ పొలాల మట్టిని, కుంటల నీటిని పరీక్షించి ఫలితాలు మాకు తెలుగులో ఇవ్వండి. చెడిన నీటి దగ్గరికి పక్షులను చేర్చడం వాటికీ, మాకూ అన్యాయమే.

వానాకాలం దుక్కులు మొదలవకముందే వచ్చి మాతో కూర్చోండి. మాట్లాడకుండా హద్దురాళ్లు పాతితే ఒప్పుకోం.

ఇట్లు,
బొంతపల్లి రైతు