నాణెం మీది గీతను చెరపొద్దు

11 గ్రాముల పైచిలుకు బరువుండే నిజాం కాలపు చార్మినార్ రూపాయిని చేతిలోకి తీసుకుంటే చూపు ముందు నాలుగు మినార్ల మీదే ఆగుతుంది. అసలు గుట్టు కింది గుమ్మంలో ఉంది. అక్కడ ఉర్దూ లిపిలోని ‘మీమ్’ అక్షరం ఉంటే ఆ నాణెం నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, ‘ఐన్’ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఫోన్ ఫ్లాష్ ఒక్కసారి మెరిస్తే వెండి అంతా తెల్లగా వెలిగి, ఆ చిన్న అక్షరం కాస్తా మాయమవుతుంది.

ఫ్లాష్ ఆపేసి, ఫోన్‌ను నాణేనికి సరిగ్గా పైన స్టాండుకు బిగించి, టేబుల్ ల్యాంపును పక్క నుంచి ఏటవాలుగా పెడితే చాలు. ఉబ్బెత్తు గీతల పక్కన సన్నని నీడ పడి, అరిగిన అక్షరాలు కూడా పైకి తేలతాయి. మధ్యలో ట్రేసింగ్ పేపరు అడ్డుపెడితే మెరుపు తగ్గుతుంది. ఫొటో కోసమని నాణేన్ని చింతపండుతో తోమడం మాత్రం ఘోరం. పోయిన పొర మళ్లీ రాదు.

చిక్కంతా ఎడిటింగ్‌లోనే.

నేపథ్యం తీసేయడం, బల్బు పసుపును సవరించడం తప్పు కాదు. గీతలు చెరిపి, నల్లబడ్డ వెండిని తళతళలాడించడం అబద్ధమాడటమే. శాతవాహనుల సీసపు నాణేల విషయంలో ఇలాంటి ఎడిటింగ్ వల్ల నష్టం మరీ ఎక్కువ. వాటిపై ఏనుగు బొమ్మ చుట్టూ ఉండే అక్షరాలు చాలాసార్లు సగమే మిగులుతాయి. షార్ప్‌నెస్ పెంచేకొద్దీ గరుకుదనం కూడా అక్షరంలా కనబడుతుంది. రాజు పేరే మారిపోవచ్చు!

కొనేవారికీ, పరిశోధించేవారికీ ఆ ఫొటోయే ఆధారం. అందుకే రెండు వైపులా తీసి, పక్కన స్కేలు పెట్టి, బరువు రాసి, ఎడిట్ చేయని ఫైలునూ భద్రంగా దాచాలి.