వెలివేసే హక్కు ఏ ఊరికీ లేదు

1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించినందుకు కందుకూరి వీరేశలింగాన్ని వెలివేశారు. 1991లో చుండూరు దళితుల ఊచకోతకు ముందు నడిచిందీ సాంఘిక బహిష్కరణే. నేటికీ నిజామాబాద్ ప్రాంతంలో కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు మాట వినని కులాలను వెలివేసి, వాళ్లతో మాట్లాడినవారికి జరిమానా వేస్తున్నాయి. కూలి పనీ, కిరాణా సరుకూ అందకుండా చేయడం కట్టుబాటు కాదు, బతుకుతెరువు నరికేయడం. ఒంటిమీద దెబ్బ కనిపించదు గనుక రాజీ చేసుకోమనడం అన్యాయం. 2015 అట్రాసిటీ చట్ట సవరణ బహిష్కరణను నేరమంది. కానీ అది ఎస్సీ, ఎస్టీలకే వర్తిస్తుంది. వెలికి గురైన బీసీ కుటుంబం ఎవరిని ఆశ్రయించాలి? మహారాష్ట్ర 2016లోనే అందరికీ వర్తించే చట్టం చేసింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ అలాంటి చట్టం వెంటనే తేవాలి.