గాలికి వెల కట్టు విధము

దువ్వాడనుండి గోపాలపట్నమునకు పోవు రైలుమార్గపు చుట్టుపట్ల నివసించువారు 2020వ సంవత్సరము మే 7వ తేదీ తెల్లవాఱుజామును మఱవజాలరు. ఆర్.ఆర్. వెంకటాపురమునందలి ఎల్.జి. పాలిమర్సు కర్మాగారపు ట్యాంకునుండి స్టైరీను ఆవిరి వెలువడి, నిద్రించుచున్న గ్రామములను క్రమ్మెను. పన్నెండుగురు మరణించిరి, వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి, పశువులు కట్టుకొయ్యలకడనే కూలినవి.

మఱునాడే జాతీయ హరిత ట్రిబ్యునలు 50 కోట్ల రూపాయలు ముందుగా జమకట్టుమని కంపెనీ నాజ్ఞాపించెను. ఆ త్వర శ్లాఘనీయమే. కాని యీ మొత్తమును నిర్ణయించిన తీరు గమనింపదగినది. నష్టముతోపాటు కంపెనీ ఆర్థికస్తోమతను గూడ పరిగణించితిమని ట్రిబ్యునలే చెప్పెను. ధనవంతునకు చిల్లర జుల్మానా నొప్పింపదు గనుక శిక్షగా నిది తగియున్నది. 1986లో ఓలియం వాయువు వ్యాజ్యమున సుప్రీముకోర్టు చెప్పిన న్యాయమును నిట్టిదే. అయితే శిక్ష వేఱు, నష్టపు వెల వేఱు. చెడిన చెఱువు విలువ, చెఱచినవాని పెట్టెలోని రొక్కమునుబట్టి హెచ్చుటగాని తగ్గుటగాని లేదు.

రాష్ట్రప్రభుత్వము మృతుల కుటుంబములకు కోటి చొప్పునను, ఆ గ్రామవాసులకు తల కొక్కింటికి పదివేల చొప్పునను ప్రకటించెను. కోటి ఉదారమే. పదివేలు దేనికి? ఊరు విడిచి పరుగెత్తిన రాత్రికా, మున్ముందు రాగల దగ్గునకా?

ఆర్థికశాస్త్రజ్ఞు లిందుకు కొన్ని కొలతలు కల్పించిరి. వైద్యపు ఖర్చు, పోయిన కూలి, పడిపోయిన స్థలముల ధర లెక్కించుట యొకటి. జనులనే యడుగుట మఱియొకటి. 1989లో అలాస్కా తీరమున ఎక్సాను కంపెనీ ఓడ చమురు నొలకబోసినపుడు, అట్టిది మరల జరుగకుండుటకు మీరేమిత్తురని అమెరికా కుటుంబముల నడిగి, నష్టమును 280 కోట్ల డాలర్లుగా తేల్చిరి. ఈ ప్రశ్ననే వెంకటాపురపు కూలివాని నడిగినచో వాడేమి చెప్పును? జేబు తడవుకొని చెప్పును. బీదవాని గాలి చవుకయని లెక్క తేలును! ఏమి పుచ్చుకొని యీ విషమును సహింతువని యడుగుట న్యాయము. ఏలయన, గాలి వానిది.

భూమి సేకరించునపుడు సర్కారువారు ప్రతి చెట్టునకును నూతికిని వేఱువేఱుగ వెలకట్టుట మన రైతులెఱిగినదే. కర్మాగారము రాకపూర్వమే నీటి గుణము, నేల సారము, జనుల ఆరోగ్యము అట్లే చిట్టా వ్రాయింపనేల గూడదు? దువ్వాడ, పరవాడ, అచ్యుతాపురములలో లైసెన్సు కోరు ప్రతి కంపెనీయు తన ఖర్చుతో నట్టి చిట్టా వ్రాయించి, దాని ప్రతి నొకదానిని గ్రామపంచాయతీకి దాఖలు చేయవలెనని మేము కోరుచున్నాము.