భాష ఒకచోట, స్థానికత మరొకచోట



ఇంట తెలుగు మాట్లాడి, బడిలో తెలుగు చదివి, హోసూరులోనో బళ్లారిలోనో బరంపురంలోనో పన్నెండవ తరగతి ముగించిన విద్యార్థి తెలుగు రాష్ట్రాల కళాశాలల తలుపు తట్టినప్పుడు, “నీ భాష ఏది?” అని అడిగేవారుండరు. “ఎక్కడ చదివావు, ఎన్నేళ్లు చదివావు?” అన్నదే ప్రశ్న. ప్రవేశాల కాలం వచ్చేవరకు ఈ సంగతి మనలో పలువురికి తెలియకపోవడం విచారకరం.

రాజ్యాంగంలోని 371-డి అధికరణం ననుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస సంవత్సరాల చదువు అందులో ప్రధానమైన కొలత. మిగిలిన 15 శాతానికి, తల్లిదండ్రులలో ఒకరు రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉన్నా చాలునని 1979 నాటి ఉత్తర్వు వెసులుబాటు ఇచ్చింది. నిన్నమొన్న పొట్టకూటికై ఊరు విడిచినవారికి అది ఆసరా. తరతరాలుగా బయటనే వేళ్లూనిన మనకు కాదు. వైద్యవిద్యలో స్థానికతకు 9 నుండి 12 వరకు తెలంగాణలోనే చదివి ఉండాలన్న 2024 నాటి నిబంధనను సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది.

విదేశవాసుల విషయంలో కొలత వేరు. ఎన్‌ఐటీ ప్రవేశాలలో సొంత రాష్ట్రమంటే పన్నెండవ తరగతి ఉత్తీర్ణులైన రాష్ట్రం. ఆ తరగతి విదేశంలో చదివిన భారతీయునికి మాత్రం పాస్‌పోర్టులోని శాశ్వత చిరునామాయే ప్రమాణం. కనుక దుబాయిలో చదివినా గుంటూరు చిరునామా గల బాలుడు ఆంధ్రప్రదేశ్ వాడు. హోసూరులో చదివిన తెలుగు బాలుడు తమిళనాడు వాడు. గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు డాసా పథకంలో ప్రత్యేక వర్గం ఏర్పరచి, స్వదేశ విద్యార్థుల రుసుమునే వసూలు చేస్తున్నారు. దూరాన ఉన్నంత మాత్రాన బంధం తెగదని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లు కాదా?

కర్ణాటక మరొక అడుగు ముందుకు వేసింది. కన్నడం మాతృభాషగా గల గడినాడు, హొరనాడు విద్యార్థులకు అక్కడి ప్రవేశాలలో ప్రత్యేక అర్హతలున్నాయి. మన ఆదోని, ఆలూరు, రాయదుర్గం, మడకశిర తాలూకాల కన్నడ పిల్లలు కూడ ఈ కోవలోనివారే. వారు కన్నడ భాషా పరీక్షలో నెగ్గాలి. ఆ విధంగా భాషయే అర్హతకు సాక్ష్యమవుతున్నది.

“మీ పిల్లలు తామున్న రాష్ట్రంలో స్థానికులే కదా, ఇక్కడ కూడ వాటా ఎందుకు?” అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నయే. వెనుకబడిన ప్రాంతాల రక్షణకై పుట్టిన 85 శాతంలో మనకు పాలు వద్దు. వైద్యం, ఇంజనీరింగు సీట్లూ కోరవద్దు. తెలుగు ఎం.ఏ., తెలుగు పండిత శిక్షణ, తెలుగు బోధనతో కూడిన బి.ఎడ్.లలో మాత్రం కొన్ని అదనపు సీట్లు, భాషా పరీక్ష పెట్టి, స్థానిక రుసుముతో ఇవ్వమని అడుగుదాం. నేటి విద్యార్థికి ఆ చదువు అందకపోతే, రేపు మన బడిలో పదవీ విరమణ చేసిన పంతులుగారి కుర్చీలో కూర్చునేదెవరు? పంతులు లేని బడికి పిల్లలు రారు. పిల్లలు రాని బడిని ఏ ప్రభుత్వమూ ఉంచదు.

అంతవరకు మన చేతిలో ఉన్న పని ఒకటున్నది. ఎక్కడ ఎన్నేళ్లు చదివితే ఎక్కడ స్థానికులవుతారో ఉపాధ్యాయులు ఎనిమిదవ తరగతిలోనే తల్లిదండ్రులకు చెప్పాలి. తొమ్మిదిలో తీసుకొన్న నిర్ణయాన్ని పన్నెండు ముగిసిన పిదప దిద్దుకోవడం సాధ్యం కాదు. తల్లిదండ్రులు ఏటేటి స్టడీ సర్టిఫికెట్లను, నివాస ధ్రువపత్రాలను భద్రపరచాలి. కోరిక నెరవేరడానికి కాలం పట్టవచ్చు. కాగితాలు కూర్చుకోవడానికి నేడే మంచి రోజు.