కొలిచిన చేతికీ పేరుండాలి



ఒక చెట్టు ఏడాదికి ఎంత పెరుగుతుందో ఒక్కరోజు చూసి చెప్పలేం. అందుకే శాస్త్రవేత్తలు అడవిలో కొంత భాగానికి హద్దులు పెట్టి, అందులోని చెట్లకు నంబరు బిళ్లలు కట్టి, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున కాండాన్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కొలుస్తారు. తమిళనాడులోని ముదుమలై అడవిలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ వారు 1988లో ఇలాంటి 50 హెక్టార్ల ప్లాటును మొదలుపెట్టారు. మొదటి లెక్కలో సుమారు 26 వేల చెట్లు తేలాయి.

ఇలాంటి లెక్కలు కొలిచినవారి బీరువాల్లోనే ఉండాలా? అందరికీ అందాలా? అందరికీ అందాలన్నదే మా అభిప్రాయం. ఒక్క ప్లాటు ఒక్క అడవి సంగతే చెబుతుంది. 2020లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధననే చూడండి. ఆఫ్రికాలోని 11 దేశాలకు చెందిన 244 ప్లాట్ల లెక్కల్ని, అమెజాన్‌లోని 321 ప్లాట్ల లెక్కల్ని పక్కపక్కన పెట్టి చూశారు. గాలిలోని కార్బన్‌ను పీల్చుకుని దాచుకునే శక్తి అమెజాన్ అడవుల్లో 1990ల నుంచే తగ్గుతోందని తేలింది. ఎవరి లెక్క వారే దాచుకుని ఉంటే ఈ ప్రమాదం లోకానికి తెలిసేదా? పనామాలోని బారో కొలరాడో దీవిలో 35 ఏళ్లపాటు కొలిచిన 4,23,617 చెట్ల వివరాలను 2019లో అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టారు. కంప్యూటరు, ఇంటర్నెట్టు ఉంటే మనలాంటి విద్యార్థి కూడా వాటిని తీసుకుని అధ్యయనం చేయవచ్చు.

అయితే రెండో పక్క కూడా చూడాలి. వానలో, జలగల మధ్య, ఏనుగులు తిరిగే చోట టేపు పట్టుకుని నడిచేవారు ఒకరు. ఆ అంకెలతో వ్యాసం రాసి పేరు తెచ్చుకునేవారు చాలాసార్లు వేరొకరు. లెక్కలు పంచడం మంచిదే గాని, సేకరించినవారికి న్యాయం జరగాలని ఉష్ణమండల అడవుల పరిశోధకులు కొందరు 2022లో ‘నేచర్ ఎకాలజీ అండ్ ఎవల్యూషన్’ పత్రికలో గట్టిగానే అడిగారు.

ఈ బాధ మనకు కొత్త కాదు. మన అమ్మానాన్నలు నాటిన వరి ఎన్ని ఊళ్ల ఆకలి తీర్చినా, బియ్యం బస్తా మీద వాళ్ల పేరుండదు. అలాగని ధాన్యాన్ని గాదెలో పెట్టి తాళం వేయమని మనం అడగం. కూలి సరిగా ఇవ్వమంటాం, మనిషిగా గుర్తించమంటాం. అడవి లెక్కలకూ అదే న్యాయం.

కాబట్టి మేము కోరేది ఇదీ: లెక్కలు వాడుకునేవారు, కొలిచినవారిని పరిశోధనలో భాగస్వాములుగా చేర్చుకోవాలి. డబ్బిచ్చే సంస్థలు వచ్చేసారి కొలతకూ, కొలిచేవారి జీతాలకూ ముందే నిధులు కేటాయించాలి. అడవి పక్క ఊళ్ల పిల్లలకు టేపు పట్టడమే కాదు, అంకెల్ని విశ్లేషించడం కూడా నేర్పాలి.

బోటనీ, స్టాటిస్టిక్స్ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆ పనికి మీరు సిద్ధం కండి. మన హాస్టళ్లలో సీనియర్ల నోట్సు ఎన్ని చేతులు మారినా, అట్ట మీద రాసినవారి పేరు అలాగే ఉంచుతాం. ఆ మర్యాదే శాస్త్రంలోనూ ఉండాలని అడుగుదాం.