ముందు లెక్క పెడదాం



పెద్దవాళ్ళకు చేతులు వణికితే మన ఇళ్ళలో ఒకటే మాట: "వయసైపోయింది గదా." ఆ మాటతోనే మాకు పేచీ. పార్కిన్సన్స్ జబ్బు మనవాళ్ళలో ఎంతమందికి ఉందో సంఘం తరఫున ఇల్లిల్లూ తిరిగి లెక్క తీయాలని మా అభిప్రాయం.

నార్వేకూ ఐస్‌లాండ్‌కూ మధ్య సముద్రంలో ఫారో దీవులున్నాయి. జనం యాభై వేల పైచిలుకు. డెన్మార్క్, నార్వేలతో పోలిస్తే అక్కడ ఈ జబ్బు దాదాపు రెట్టింపని తేలింది. తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్నారు కాబట్టి రక్తంలో ఉందా, తిమింగలం మాంసంలో చేరిన విషాలా అని ఇంకా పరిశోధిస్తున్నారు.

అంత దూరం ఎందుకు, మన మహారాష్ట్రలోనే చూడండి. ముంబై పార్సీలవి సముద్రం లేని దీవులు. కాలనీల్లో కలిసి ఉంటారు, బయట సంబంధాలు తక్కువ. అక్కడ డాక్టర్ భరూచా బృందం ఇంటింటికీ తిరిగి 14,010 మందిని చూసి, 46 మందికి పార్కిన్సన్స్ ఉందని 1988లో ప్రకటించింది. అంటే లక్షకు 328 మంది. పార్సీల్లో ముసలివాళ్ళు ఎక్కువ, అంకె పెరగడానికి అదీ ఒక కారణమే. అయినా ఆస్పత్రికి వచ్చినవాళ్ళను మాత్రమే లెక్కేసుకుంటే ఆ అంకె దొరికేదా?

చంద్రపూర్‌లో మనదీ ఒక చిన్న దీవే. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి బొగ్గు గనులకు, బల్లార్‌పూర్ కాగితం మిల్లుకు వచ్చినవాళ్ళం. పిల్లల సంబంధాలకు ఇప్పటికీ కాగజ్‌నగర్, మంచిర్యాల రైలే ఎక్కుతాం. మేనరికాలూ పోలేదు. ఆనాడు కుర్రవాళ్ళుగా వచ్చినవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటుతున్నాయి, ఈ జబ్బు బయటపడే వయసు అదే.

"లెక్క తీస్తే పేరు చెడుతుంది, సంబంధాలు రావు" అనేవాళ్ళున్నారు. ఈ భయం చిన్నది కాదు. అయితే ఈ జబ్బు ఎక్కువమందిలో వంశపారంపర్యంగా వచ్చేది కాదు, అంటుకునేది అసలే కాదు. ఇంకో సంగతి. ఆపరేషన్‌లో కండరాలు సడలించే ఒక మందు వైశ్యుల్లో కొందరి ఒంట్లో త్వరగా అరగదు, మళ్ళీ ఊపిరి అందుకోవడం ఆలస్యమవుతుంది. ఈ సంగతి డాక్టర్లకు ముందే తెలిస్తే వేరే మందు ఇస్తారు. తెలియడం వల్ల ఆ కులానికి మేలే జరిగింది.

వణుకొక్కటే చూడకండి, కొందరికి వణుకే ఉండదు. నడకలో ఒక చెయ్యి ఊగకపోవడం, అడుగులు చిన్నవవడం, గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టడం, వాసన తెలియకపోవడం, అక్షరాలు చీమల్లా సన్నబడటం. పెన్షన్ కాగితాల మీద సంతకం కలవక వెనక్కి తిరిగొస్తున్న పెద్దాయన మొండివాడు కాకపోవచ్చు, ఆయన చెయ్యే మాట వినడం లేదేమో. పూర్తిగా నయం చేసే మందు లేకపోయినా, లెవోడోపాతో చాలామంది ఏళ్ళ తరబడి తమ పని తాము చేసుకోగలుగుతారు. దూలగొండి గింజల్లో కూడా ఉండేది అదే పదార్థం. అలాగని గింజలు దంచి తాగించకండి, మోతాదు డాక్టరే చెప్పాలి.

బతుకమ్మ చందాకు ఎలాగూ ప్రతి గడపా ఎక్కుతాం. ఈసారి రసీదు పుస్తకంతో పాటు ఒక నోటుపుస్తకం పట్టుకెళ్దాం. అరవై దాటినవాళ్ళు ఎందరు, పైన చెప్పిన లక్షణాలు ఎవరికైనా ఉన్నాయా, డాక్టరుకు చూపించారా, ఇంతే అడుగుదాం. పేర్లు బయటపెట్టొద్దు. అనుమానం ఉన్నవాళ్ళను నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే ఖర్చు సంఘం నిధి నుంచి ఇవ్వాలని వచ్చే సమావేశంలో ప్రతిపాదిస్తున్నాం. వద్దనేవాళ్ళూ వచ్చి మాట్లాడండి.