సమాధిని మరువకుడి



మంచి శుక్రవారమున సిలువను ధ్యానించుచున్నాము. ఆదివారము తెల్లవారకమునుపే పునరుత్థాన గీతములు పాడుచున్నాము. ఈ రెంటి నడుమనున్న సమాధిని గూర్చి మాత్రము అంతగా తలంచము. అయితే పౌలు కొరింథీయులకు సువార్తను జ్ఞాపకము చేయుచు, క్రీస్తు మరణ పునరుత్థానముల మధ్య ఆయన సమాధిని కూడ చేర్చెను (1 కొరింథీ. 15:3,4). నలుగురు సువార్తికులును దానిని వ్రాసిరి. అపొస్తలుల విశ్వాస ప్రమాణములో అనేక సంఘములు నేటికిని దానిని ఒప్పుకొనుచున్నవి. ఎందుకు?

మొదటిది, ఆయన నిజముగా మరణించెనని సమాధి సాక్ష్యమిచ్చుచున్నది. యేసు మూర్ఛపోయి తరువాత తెప్పరిల్లెనని వాదించువారు కలరు. అయితే ఆయన అంత త్వరగా చనిపోయెనా అని పిలాతే ఆశ్చర్యపడి, శతాధిపతిని పిలిపించి అడిగి తెలిసికొనిన తరువాతనే దేహమును అప్పగించెను (మార్కు 15:44,45). నీకొదేము తెచ్చిన సుగంధ ద్రవ్యములు మన లెక్కలో సుమారు 33 కిలోలు. ఊపిరియున్న వానిని అట్లు నారబట్టలతో చుట్టి రాతి సమాధిలో ఎవరు పెట్టుదురు?

రెండవది, ఆ స్థలము తెలిసిన స్థలము. మగ్దలేనే మరియయు ఇతర స్త్రీలును ఆయనను ఎక్కడ ఉంచిరో చూచిరి. ఆదివారము వారు వచ్చినది అక్కడికే. సిలువ వేయబడినవారికి సమాధియే ఉండదని కొందరందురు. రోమీయులు అనేకుల దేహములను అట్లే విడిచిపెట్టిన మాట నిజమే. కాని 1968లో యెరూషలేము ఉత్తర భాగమున ఒక సమాధిలో, ఆ కాలపు యూదుని మడమ ఎముక ఇనుప మేకుతో సహా దొరికెను. సిలువ వేయబడినవాడును తనవారిచేత సమాధి చేయబడగలడని దానివలన తేటపడెను.

మూడవది, మన ప్రియులు పోయిన చోటికి ఆయనయు పోయెను. తల్లిని, బిడ్డను మట్టికి అప్పగించి వచ్చిన రాత్రి ఇల్లెంత శూన్యముగా ఉండునో మీరెరుగుదురు. ఆ చీకటి మన ప్రభువు ఎరుగనిది కాదు. బాప్తిస్మములో ఆయనతో పాతిపెట్టబడితిమి గనుక ఆయనతో లేచెదము (రోమా. 6:4,5). ఈస్టరు వేకువను సమాధుల తోటలో మనము వెలిగించు క్రొవ్వొత్తులకు అర్థమిదే.

చివరిగా ఒక మాట. అరిమతయియ యోసేపు మహాసభ సభ్యుడు. భయముచేత రహస్య శిష్యుడు. ధైర్యము పలికిన శిష్యులు పారిపోయిన సాయంకాలమున అతడు తెగించి పిలాతునొద్దకు వెళ్లెను. చనిపోయినవానివలన అతనికి వచ్చు లాభమేమి? తన కొరకు తొలిపించుకొనిన క్రొత్త సమాధిని ఇచ్చివేసెను.

మన గ్రామములో దిక్కులేని ఒకడు చనిపోయినప్పుడు మనమేమి చేయుచున్నాము? చందా బాకీయున్నదనియో, మన సంఘపు వాడు కాడనియో ఆరడుగుల నేల ఇచ్చుటకు వెనుదీయుచున్నామా? మన రక్షకుడే పరుని సమాధిలో పరుండెను. పాడె మోయుటకు ముందుకు వచ్చు భుజమును, గుంట త్రవ్వు చేతులను ఆయన మరువడు.

సమాధిని జయించిన ప్రభువు మీ గృహములను ఆదరించును గాక.